నల్లగొండ, పాలమూరు కొండలు: వాని ఛాయాచిత్రముల చరిత్ర

కొండలను ఛాయాచిత్రములలోనికెక్కించు విద్య మంచుకొండలలో పుట్టినది. 1839లో ఫ్రాన్సుదేశమున డాగేరు తన పద్ధతిని లోకమునకు వెల్లడించిన పిమ్మట ఇరువది రెండేండ్లకు, 1861 జూలై 24వ తేదీన, ఆగస్ట్ రోజాలీ బిస్సన్ అను నాతడు కూలీల చేత గాజుపలకలను, మందులను, గుడారమును మోయించుకొని ఆల్ప్సు పర్వతములలో మిక్కిలి యెత్తైన మోంబ్లా శిఖరమునకెక్కెను. పలకలను కడుగుటకు నీరు లేక అక్కడి మంచునే దీపముల మీద కరగించుకొనెను. రెండేండ్లకు శామ్యూల్ బోర్న్ అను ఇంగ్లీషువాడు మన దేశమునకు వచ్చి, 1863, 1864, 1866 సంవత్సరములలో హిమాలయములకు మూడు యాత్రలు చేసెను. కడపటి యాత్రలో మణిరంగ కనుమయొద్ద 18,600 అడుగుల యెత్తున నిలిచి ఆతడు తీసిన చిత్రములను అంతకంటె ఎత్తునుండి తీసి మించుటకు మఱి యెవ్వరికిని ఇరువది యేండ్లవఱకు సాధ్యము కాలేదు.

ఈ కథలు చదివినవారు, కొండల ఛాయాచిత్రములనగా మంచును, దేవదారువులును, మేఘములను చీల్చు శిఖరములును ఉండవలెనని తలంతురు. మన నల్లగొండ, పాలమూరు సీమలలో అట్టివి లేవు. రైలు కిటికీలోనుండి చూచువారికి బండ మీద బండ, గుండు మీద గుండు, నడుమ తుమ్మచెట్టు, దూరమున చెరువుకట్ట. ఇందులో చిత్రించుటకేమున్నదని పలువురడుగుదురు. కాని ఈ కొండలకొక ఛాయాచిత్ర చరిత్ర కలదు. అందు రాజాస్థానమును, కరవును, శాసనపరిశోధనయు, అడవిజాతులును, నీట మునిగిన లోయలును గలవు. దాని నిప్పుడు చెప్పుటకు వేఱొక కారణము గూడ గలదు. చిత్రించవలసిన కొండలే తఱిగిపోవుచున్నవి.

ముందు కొండలను గుఱించి రెండు మాటలు. ఈ సీమలో రెండు జాతుల కొండలున్నవి. ఉత్తరమునను నడుమను ఉన్నవి నల్లరాతి, ఎఱ్ఱరాతి గుట్టలు. శాస్త్రజ్ఞులు గ్రానైటు, నైసు అను పేళ్లతో చెప్పునవి. వీని వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లు. ఆల్ప్సును, హిమాలయములును వీనియెదుట నిన్నమొన్న పుట్టిన పసిబిడ్డలు. ఎండకు వేగి, వానకు చల్లారి, ఉల్లిపొరలవలె పై పొరలు రాలిపోగా మిగిలినవే మన గుండ్లు. ఒకదానిపై నొకటి యెవరో యెత్తి పెట్టినట్లుండును గాని, యెవరును పెట్టినవి కావు. చుట్టునున్న మెత్తని భాగము కొట్టుకొనిపోగా గట్టి భాగము నిలిచినది. దక్షిణమున కృష్ణ యొడ్డున నున్న నల్లమల వేఱు జాతి. అది పలకరాయి, చెకుముకివంటి గట్టి యిసుకరాయి పొరలు పొరలుగా పేర్చిన కొండవరుస. పైన చదునైన పీఠభూమి, అంచున నిట్టనిలువు చఱియ. మొదటి జాతి ఒంటరిగా నిలుచు కొండ, రెండవది వరుసగా సాగు కొండ. చిత్రము తీయువా డీ భేదము నెఱిగియుండవలెను; ఏలయన మొదటిదానికి దగ్గఱ వెలుతురును, రెండవదానికి దూరపు వెలుతురును కావలెను.

తొలినాటి ఛాయాగ్రాహకులకు మన కొండలు లొంగకుండుటకు రసాయనమే మొదటి కారణము. 1851లో స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన తడిపలక పద్ధతిలో, గాజుపలకకు కొలోడియను పూసి, వెండిమందులో ముంచి, తడియాఱకముందే చిత్రము తీసి, తడియాఱకముందే కడుగవలెను. చల్లని దేశమున దీనికి పది నిమిషముల వ్యవధియుండును. వైశాఖమాసమున భువనగిరి బండపై నెంత వ్యవధియుండునో చదువరులే యూహింపగలరు. చీకటిగుడారములో మనిషి ఉడికిపోవును. మందు పలకపైననే యెండిపోవును. పైగా నీరు కావలెను. బిస్సన్ మంచు కరగించుకొనెను. మన కొండలపై కరగించుటకేమున్నది? ఐతే మన కోటలు కట్టినవారు ఛాయాచిత్రము నెఱుగకున్నను నీటినెఱుగుదురు. బండలలో సహజముగా నేర్పడిన దోనెలకు కట్టలు కట్టి, వాననీటిని నిలిపి, దండునకు ఏడాది పొడుగున సరిపోవునట్లు కూర్చిరి. దేవరకొండయందును, రాచకొండయందును, కోయిలకొండయందును అట్టి కొలనులిప్పటికిని జూడవచ్చును.

రెండవ చిక్కు రంగులది. ఆ కాలపు పలకలకు నీలివెలుతురు తప్ప ఎఱుపు కనబడదు. అందుచేత నీలాకాశము తెల్లని కాగితమువలె వెలవెలబోవును. ఎఱ్ఱరాయి నల్లబొగ్గువలె మాడిపోవును. పాతచిత్రములలో ఆకసమున నొక్క మబ్బైనను కనబడకుండుటకు హేతువిదే. దానివలన మంచుకొండలకు పెద్ద నష్టము లేదు. మంచు తెల్లనిదే గదా. నష్టమంతయు మనకే. సూర్యోదయమున గులాబివన్నెతో వెలుగు మన బండలు ఆ పలకలపై చావుకళతో నిలిచినవి. 1873లో వోగెల్ అను జర్మను పండితుడు మందులో రంగులు కలిపి పలకలకు పచ్చనిది కూడ కనబడునట్లు చేసెను. ఎఱుపువఱకు సర్వవర్ణములను గ్రహించు పలకలు బజారునకు వచ్చుట 1906లో. దక్కను కొండలయందము ఇంగ్లీషువారి కంటికానలేదని నేడు మనము నిందింతుము. కొంత నింద ఆ గాజుపలకకు గూడ చెందును.

ఈ చిక్కులనెల్ల దాటి నిజాము రాజ్యమున ఛాయాచిత్రమునకు పేరు తెచ్చినవాడు లాలా దీన్‌దయాళ్. ఆతడు 1844లో మీరటు దగ్గఱి సర్ధానాలో జైనకుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామ్సను కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందూరు సంస్థానమునకు వచ్చి మరామత్తుల కచ్చేరీలో అంచనాలు వేయుచు, నకాసీలు గీయుచు నుండెను. ఛాయాచిత్రము నాతడు చేపట్టినది 1874 ప్రాంతమున. 1882, 83 సంవత్సరములలో సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేలుఖండ యాత్ర చేయగా వెంటనుండి కోటలను, దేవళములను చిత్రించెను. పిమ్మట ఆఱవ నిజాము మహబూబు ఆలీఖాను ఆస్థానమున ప్రవేశించి, సికిందరాబాదున చిత్రశాల నెలకొల్పి, 1894లో రాజా ముసవ్వర్ జంగు బహద్దరను బిరుదు పొందెను. 1897లో విక్టోరియారాణి నియామకపత్రమును బడసెను. 1905 జూలై మాసమున గతించెను.

నకాసీ గీచిన చేతివాడగుటచే దీన్‌దయాళు కొండనొక కట్టడమువలె చూచెను. దౌలతాబాదు కొండ చిత్రమున ఆతని నేర్పు తెలియును. కొండను సగమున కోయకుండ, అడుగునుండి కొసవఱకు, ఏ మెట్టు ఎక్కడ మొదలగునో, ఏ ప్రాకారమెక్కడ బండలో గలిసిపోవునో తెలియునట్లు నిలిపెను. శామ్యూల్ బోర్న్ హిమాలయములను ఇంగ్లీషు చిత్రకారుల కంటితో చూచెను. ముందొక చెట్టు, నడుమ నొక యేఱు, వెనుక నొక శిఖరము లేక ఆతనికి తృప్తి లేదు. దీన్‌దయాళున కా పట్టుదల లేదు. బండ బండగానే యుండుట ఆతనికి సరిపోయెను. మన గుట్టలను చిత్రింపగోరువారు బోర్నును విడిచి దీన్‌దయాళును చూచుట మేలని మా యభిప్రాయము.

ఐనను ఆస్థాన ఛాయాగ్రాహకుడు ఆస్థానము పోవు దారినే పోవును. వైస్రాయి వచ్చిన చోటికి, వేట జరిగిన చోటికి, రైలు సాగిన చోటికి. సికిందరాబాదునుండి ఓరుగంటికి 1886లో రైలు పడినది. భువనగిరి ఆ దారిలోనే యుండుటచే దాని బండ ప్రయాణికులందఱికి కనబడినది. రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ, ఘనపురములు దారికి దూరమైనవి, పేరుప్రఖ్యాతులకును దూరమైనవి. ఒక సీమ చిత్రములు దొరకకుండుట ఆ సీమలో అందము లేదనుటకు సాక్ష్యము కాదు. బండి పోవు బాట లేదనుటకే సాక్ష్యము.

దీన్‌దయాళు జీవితమున మన యిండ్లవా రెఱుగదగిన సంగతి యొకటి గలదు. 1892లో ఆతడు హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా ఒక చిత్రశాల తెఱచి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితకు అప్పగించెను. ఎత్తైన గోడల నడుమ, పురుషుల చూపు సోకకుండ, స్త్రీయే స్త్రీని చిత్రించుటకు ఏర్పాటు. ఘోషాను నిలుపుకొనుచునే దానికొక కిటికీ తెఱచినట్లయ్యెను. దీనిని సంస్కరణమనవచ్చునా యని కొందఱడుగుదురు. అనవచ్చునని మా తలంపు. యంత్రము వెనుక స్త్రీ నిలువవచ్చునని ఆ పట్టణమున మొదట ఋజువైనదచ్చటనే. ఆ వనిత కొండలెక్కి చిత్రములు తీసినదని కాదు. గోడ లోపలి వెలుతురుతో పని చేయనేర్చిన చేయి గోడ బయటి వెలుతురుతో పని చేయలేదనుటకు కారణము లేదు.

మఱొక సంగతి. 1890ల చివరను, 1900 ప్రాంతమునను కరవులు వచ్చినపుడు నిజాము ప్రభుత్వము చేయించిన కరవుపనులను దీన్‌దయాళు చిత్రించెను. చెరువుకట్టపై తట్ట మోయువారు, కంకర కొట్టువారు, గంజి కొఱకు కూర్చున్నవారు. ఆ చిత్రములను ప్రభుత్వము తన దయకు సాక్ష్యముగా నుంచుకొనెను. నేడు మనము చూచునపుడు దయ కనబడదు, ఎముకలు కనబడును. తీసినవాని యుద్దేశము, చూచువాని కన్ను ఒక్కటి కానక్కఱలేదు. కొండల చిత్రములలోను ఇట్లే. కోటబురుజు ఎంత యెత్తో తెలియుటకై దాని ముందొక కూలిని నిలుపుట ఆనాటి వాడుక. కోట పేరు వ్రాసిరి, రాజు పేరు వ్రాసిరి. ఆ కూలి పేరు వ్రాయలేదు. ఆతడొక కొలబద్ద. దీన్‌దయాళు చిత్రశాలకు చెందిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సంపాదించి భద్రపఱచినది. ఆ పలకలలో పేరు లేని ముఖములెన్నియున్నవో!

ఇరువదవ శతాబ్దమున కొండలు రాజాస్థానపు చేతినుండి పండితుల చేతికి వచ్చినవి. 1914లో నిజాము ప్రభుత్వము పురావస్తుశాఖ నెలకొల్పి గులాం యజ్దానీని దానికధ్యక్షునిగా నియమించెను. శాఖవారు ఏటేట నివేదికలు ప్రకటించుచు వానిలో చిత్రములు చేర్చిరి. ఇంచుమించు అదే కాలమున తెలుగువారి ప్రయత్నము వేఱుగా సాగెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర 1920లలో హైదరాబాదున ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలివారు ఊరూర దిరిగి శాసనముల అచ్చులు తీసి, 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును ప్రకటించిరి. వారి సాధనము కటకము గాదు. తడికాగితము, కుంచె, మసి. రాతిపై కాగితము తట్టి మసి పూసినచో అక్షరము వచ్చును గాని కొండ రాదు. కోయిలకొండ వాకిటనున్న 1550 నాటి తెలుగు శాసనమే చూడుడు. ఆ కోట నాయకవాడీలు ఇబ్రహీము కుతుబుషాకు విధేయులై యుందుమని చేసిన బాస అందు గలదు. అక్షరము చదివినవానికి బాస తెలియును. ఆ బాస చేయించుకొనవలసిన యవసర మేల కలిగినదో, ఆ కొండను, దాని చుట్టునున్న లోయను, ఒకదాని వెనుక నొకటిగా మలుపు తిరుగు దర్వాజాలను చూచినవానికిగాని తెలియదు. అచ్చును చిత్రమును జతగా నుంచవలసినది. డబ్బు లేమిచే మండలివారట్లు చేయలేకపోయిరి కాబోలు. సర్కారు శాఖకు డబ్బున్నది గాని, దాని నివేదికలు ఇంగ్లీషున వెలువడినవి.

ఇక నల్లమల. ఈ కొండవరుస చిత్రచరిత్రలో నొక విచిత్రము గలదు. ఆల్ప్సు పర్వతములున్న ఆస్ట్రియా దేశమున, వియెన్నా నగరమున 1909లో జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు రెండవ ప్రపంచయుద్ధము వచ్చినపుడు మన దేశమున చిక్కుకొనెను. శత్రుదేశపు ప్రజ యగుటచే ఆతనిని హైదరాబాదు రాజ్యము దాటి పోనీయలేదు. ఆ నిర్బంధమే మనకు లాభించినది. 1940లో ఆతడు అమ్రాబాదు పీఠభూమికెక్కి, భార్యతోగూడ చెంచుల పెంటలయందు దిరిగి, వారి జీవితమును వ్రాసి, చిత్రించెను. 1943లో చెంచులపై ఆతని గ్రంథము వెలువడెను. ఆతని ఛాయాచిత్రము లిప్పుడు లండనులోని ప్రాచ్య ఆఫ్రికా విద్యాలయమున భద్రముగా నున్నవి. అమ్రాబాదు చెంచుల మనుమలు తమ తాతల ముఖములు చూడగోరినచో లండనువైపు చూడవలసియున్నది!

ఆ చిత్రములలో నల్లమల వట్టి వెనుకతెర గాదు. చఱియ, దానిపై తేనెపట్టు, పట్టు కొఱకు తాటితో దిగు మనిషి, పైన తాడు పట్టుకొని నిలిచిన దగ్గఱి బంధువులు. వీరిలో నెవ్వరు లేకున్నను కొండ యెత్తు తెలియదు. దీన్‌దయాళు కాలపు కూలి కొలబద్ద యైనాడు. ఇచ్చట మనిషికి పనియున్నది, ఊరున్నది, చుట్టమున్నది. ఐనను దోషమే లేదనజాలము. అడవిజాతులను ప్రక్కనుండి, ఎదుటినుండి నిలిపి శరీరలక్షణములకై చిత్రించుట ఆ కాలపు శాస్త్రమున కలవాటు. ఆ యలవాటు నీడ హైమెండార్ఫు పైనను పడినది. కాని ఆతడు చిత్రములతో నూరకుండలేదు. చెంచుల యడవి యితరుల పాలగుట చూచి, కొంత మేర వారికై ప్రత్యేకింపవలెనని సర్కారునకు సిఫారసు చేసెను. నిజాము ప్రభుత్వ మంగీకరించెను. కొండను చిత్రించుటకు పోయినవాడు కొండవారి పక్షమున నొక్క కాగితమైన వ్రాసి వచ్చుట మెచ్చదగినది. నేడు వాహనములలో ఫరహాబాదువఱకు పోయి, పెంటలలో పిల్లలను వరుసగా నిలిపి, మిఠాయి చేతబెట్టి చిత్రములు తీసుకొని వచ్చువారిని తలచినచో హైమెండార్ఫు మహానుభావుడనిపించును.

ఇప్పుడు నీట మునిగిన సంగతి. కృష్ణకు ఈవల నల్లగొండ జిల్లాలో ఏలేశ్వరము, ఆవల నాటి గుంటూరు జిల్లాలో నాగార్జునకొండ. మూడుప్రక్కల కొండలు, నాలుగవ ప్రక్క నది యుండిన ఆ లోయలో ఇక్ష్వాకుల విజయపురి వెలసెను. 1926లో రంగస్వామి సరస్వతిగారు ఆ శిథిలములను కనుగొనిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు త్రవ్వించి, 1938లో గ్రంథము ప్రకటించెను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నందికొండయొద్ద ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీరు రాకముందే సర్వము త్రవ్వి చూడవలెనని 1954 నుండి 1960 వఱకు సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున పెద్ద త్రవ్వకము జరిగెను. ఈవలియొడ్డున ఏలేశ్వరమునందును అబ్దుల్ వహీద్ ఖానుగారు త్రవ్వించిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. మనకు పంటలు పండినవి. ఆ నీటి విలువ తెలియనివారము గాము. స్తూపములను, మందిరములను కొన్నిటిని విప్పి కొండపైకి జేర్చిరి. కాని లోయను విప్పి యెక్కడికి చేర్తురు? కొండయడుగున పొలము, పొలము నడుమ మండపము, మండపము వెనుక నది, ఇవి యొకదానికొకటి ఎట్లుండినవో తెలుపు సాక్ష్యము ఆ కాలపు ఛాయాచిత్రములే. శిల్పములను దగ్గఱగా తీసిన చిత్రములు పెక్కు; లోయ నంతటిని దూరమునుండి చూపునవి కొలది. శిల్పమునకు ప్రదర్శనశాల దొరకినది గనుక శిల్పచిత్రము పోయినను నష్టము స్వల్పము. లోయచిత్రము పోయినచో లోయయే పోయినట్లు.

శ్రీశైలము ఆనకట్ట నిండినప్పుడు పాలమూరు వైపున ఇదే జరిగినది. కొల్లాపురము, అలంపురము ప్రాంతముల ఊళ్లు మునిగినవి. సోమశిల, కూడలి సంగమేశ్వరము, పాపనాశి దేవళములను రాయి రాయిగా విప్పి యెగువన తిరిగి కట్టిరి. రాళ్లకు సంఖ్యలు వేసి చిత్రములు తీసినందుననే అది సాధ్యమయ్యెను. మునిగిన యిండ్లకు సంఖ్యలు వేసినవారున్నారు, పరిహారము కొఱకు. ఊరిని ఊరుగా చిత్రించి యుంచినవారు అరుదు.

చరిత్ర ఇంతవఱకు. ఇక నీ కొండలను స్వయముగా చిత్రింపబూనువారికి, తిరిగి చూచినందున తెలిసిన సంగతులు కొన్ని చెప్పెదము. నేడు ప్రతి యింటను, చేతిఫోనులోనే, దీన్‌దయాళు కలనైన గాంచని యంత్రము గలదు. మందులు లేవు, గుడారము లేదు, ఎఱుపు నలుపగు భయము లేదు. ఐనను మన యిండ్లలో కొండల చిత్రములు బాగుండవు. కారణము కటకము. చేతిఫోనుల వెడల్పు కటకము దగ్గఱిదానిని పెంచి దూరమును కుదించును. ఎదుట నున్న మనిషి పర్వతమగును. వెనుకనున్న పర్వతము చీమలపుట్ట యగును. పాతవారి పెట్టెల కటకములు పొడవైనవి. కొండ కొండగా కనబడవలెనన్నచో దూరముగా బోయి, పొడవు కటకముతో దగ్గఱకు లాగవలెను.

భువనగిరి దీనికి మంచి పాఠము. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర త్రిభువనగిరి యైన ఈ బండ చుట్టునున్న నేలనుండి అయిదువందల యడుగులకు పైగా లేచిన ఒక్కటే రాయి. ఎక్కినవా రెవ్వరును దాని యాకారమును పట్టలేరు. ఏనుగు వీపుపై కూర్చున్నవానికి ఏనుగు కనబడునా? వరి కోసిన పొలములలోనికి రెండు మూడు మైళ్లు పోయి, చెరువుకట్ట మీద నిలిచి చూడవలెను. అప్పుడు గ్రుడ్డువలె నున్న ఆ రాయి నీటిలో తలక్రిందుగా గూడ కనబడును. చెరువు నిండియుండు ఆశ్వయుజ కార్తికములు ఇందుకు తగినవి. వానలు దుమ్మును కడిగివేయుటచే గాలి తేటగా నుండును. మార్గశిరమున తెల్లవాఱుజామున పొగమంచు దిగి గుట్టలను దీవులవలె చేయును. ఫాల్గుణము దాటినచో ఆవిరి పొర కమ్మి దూరపు కొండ మాసిపోవును. జ్యేష్ఠమున తీసినది బూడిద.

గ్రానైటు గుట్టలకు మధ్యాహ్నపు టెండ శత్రువు. నెత్తిమీది సూర్యుడు గుండు గుండునకు నడుమ నున్న నీడలను త్రుడిచివేయును. అంతయు నొక్క తెల్లని ముద్ద. ప్రక్కనుండి పడు వెలుతురులోనే రాతిపొరలు లేచి నిలుచును. రాచకొండను గుఱించి ఇది మఱింత నిజము. రేచెర్ల పద్మనాయకుల రాజధాని, రసార్ణవసుధాకరము రచించిన సింగభూపాలుని యూరు. అచ్చటి గోడలు పెద్ద పెద్ద బండలను సున్నము లేకుండ పేర్చి కట్టినవి. మధ్యాహ్నము చూచినచో గోడ యేదో, గుట్ట యేదో తెలియదు. పొద్దు వాలునప్పుడు పేర్పు వరుసలు నీడగీతలై బయటపడును. దేవరకొండలో ఏడుగుట్టలను చుట్టి ప్రాకారము సాగును గనుక ఒక్క చిత్రమున నది యిమడదు. ఒక గుట్టపైనుండి వేఱొక గుట్టను తీయవలెను. పాలమూరు సీమలో గోన గణపరెడ్డి పేర వెలసిన ఘనపురము కోట రెండు కొండలను కలుపుచు సాగును. అక్కడ చెరువును విడిచి కోటను, కోటను విడిచి చెరువును తీయుట తప్పు.

వెలుతురును నేర్వగోరువారు కొండలెక్కుటకు ముందు నల్లగొండ ప్రక్కనున్న పానగల్లునకు పోవుట మంచిది. అచ్చటి ఛాయాసోమేశ్వరాలయమున ఒక గర్భగృహములో స్తంభమువంటి నీడ పగలంతయు కదలక లింగము వెనుక నిలుచును. ఆ నీడకు సరియైన స్తంభము ఎదుట లేదు. పలువురు దీనిని మహిమ యందురు. మహిమ గాదు, అనేక స్తంభముల నడుమనుండి వచ్చు వెలుతురులు చిమ్ముకొని కలిసి యొక నీడను నిర్మించుచున్నవి. కందూరు చోడుల శిల్పులు సూర్యుని నడకను, స్తంభముల దూరమును కొలిచి కట్టిన పని. మహిమయనుకొని దండము పెట్టినవానికంటె, ఎట్లు చేసిరని అరగంట కూర్చుండి చూచినవాడు శిల్పికి ఎక్కువ గౌరవము చూపినవాడు. నేరు వెలుతురు వేఱు, చిమ్మిన వెలుతురు వేఱు అను పాఠ మక్కడ ఉచితముగా దొరకును.

నల్లమల విషయమున జాగ్రత్త కావలెను. అమ్రాబాదు ఇప్పుడు పులుల రక్షితవనము. శ్రీశైలము బాటపై రాత్రివేళ వాహనములను పోనీయరు. ఎగిరే యంత్రములతో చిత్రములు తీయుట నిషిద్ధము. ఫరహాబాదు చూపుమేర అంచున నిలిచినచో క్రిందిలోయ పొరలు పొరలుగా నీలిరంగులో కరగిపోవును. దూరపు పొర వెలిసియుండుటయే అక్కడి యందము గనుక దానిని నల్లగా దిద్దరాదు. ఉమామహేశ్వరమున చఱియక్రింద నీరు చుక్కచుక్కగా రాలును. సలేశ్వరమునకు చైత్రపూర్ణిమ జాతరలో జనముతోగూడ నడచిపోవచ్చును. చెంచులను అడిగి, వారు సరేయన్న పిమ్మటనే చిత్రము తీయవలెను. తీసినదానిని కాగితముపై అచ్చొత్తించి మఱల వారికి పంపవలెను.

తుదకు చెప్పవలసినది, మొదట సూచించినది. ఈ గుట్టలు కరగి కంకరయగుచున్నవి. బాటలకు, ఇండ్లకు రాయి కావలెను. మెఱుగుపెట్టిన పలక విదేశములకు పోవును. క్వారీలో పని దొరకిన కూలివాడు ఆనాడు పొయ్యి వెలిగించుకొనును. దీనిని కాదనజాలము. కాని శాసనమెట్లున్నదో చూడుడు. కోట రక్షితకట్టడమైనచో దాని గోడను ముట్టరాదు. కోట లేని గుట్టకు రక్షణ లేదు. రెవెన్యూ లెక్కలో అది పనికిరాని నేల. 250 కోట్ల యేండ్లు నిలిచినది పనికిరానిదట. నిన్న కట్టిన గోడ స్మారకమట! హైదరాబాదున కొందఱు పౌరులు 1996లో శిలల రక్షణకై సంఘమొకటి స్థాపించి, ఛాయాచిత్రములనే ఆయుధముగా జేసికొని, కొన్ని బండలనైనను వారసత్వ జాబితా కెక్కించిరి. నల్లగొండ, పాలమూరు గుట్టలకట్టి జాబితా యేదియు లేదు. మొదట చిత్రములుండవలెను, అవి లేక జాబితా వ్రాయుటెట్లు?

అందుచేత ప్రతి యూరివారును, స్త్రీలును పిల్లలును గూడ, తమ యూరి గుట్టను ఏడాదికొక్కసారి, ఒక్కటే చోటనుండి, ఒక్కటే వేళకు చిత్రింపవలెను. చోటు మాఱరాదు, బడి వాకిలియో, చెరువు మత్తడియో, కదలనిది యేదైన గుఱుతుగా నుంచుకొనవలెను. చిత్రము నందముగా తీయవలెనను తాపత్రయ మిచ్చట వలదు. గుట్ట పేరు ఊరివారు పిలుచునట్లే వ్రాయవలెను. సర్వే సంఖ్య తెలిసినచో వ్రాయవలెను. తేదీ, వేళ, నిలిచిన చోటు, చూచిన దిక్కు వ్రాయవలెను. చిత్రమున మనిషి యున్నచో, బండపై మేకలు కాయువాడైనను, ఆతడు సమ్మతించినచో ఆతని పేరును వ్రాయవలెను. తీసినవారి పేరు కడపట.